రత్నమక్క చెప్పిన గిన్నె కథ

స్పిరిట్ వాసన ఎక్కడ తగిలినా నా ఎడమకాలు ఇప్పటికీ ఒకసారి జిల్లుమంటుంది. తప్పు వాసనది కాదు. సౌదీలో, ఖమీస్ ముషైత్ ఊళ్లో కడుతున్న మేడ మీద నిలబడి, కిందివాళ్లను నవ్వించబోయి జారిపడ్డవాణ్ణి నేను. అందరూ నవ్వారు లెండి. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టిన నాకు ఆ పాఠం మాత్రం ఎముక దాకా ఎక్కింది. కాలు విరిగి ఆసుపత్రిలో పడ్డాను, మంచం దిగే వీల్లేదు. తినడం, తక్కినవీ అన్నీ మంచం మీదే; తక్కినవాటికి మంచం కింద ఒక బెడ్‌పాన్.

ఆ వార్డు నర్సు రత్నమక్క. భీమవరం వైపు మనిషి. డ్యూటీ ఎక్కగానే మంచం మంచానికీ వచ్చి "నొప్పి పదిలో ఎంత?" అని అడిగి రాసుకోవడం అక్కడి పద్ధతి. నేను "పదకొండు" అనేవాణ్ణి. "కాలికా, నోటికా?" అనేది.

అవి నితాకత్ చట్టం వచ్చిన రోజులు. కంపెనీలు సౌదీవాళ్లను పనిలో పెట్టుకోవాలి, మనలాంటి వాళ్లుంటే తలకింతని కట్టాలి. ఎవరిని ఉంచుతారో, ఎవరికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారో తెలియక అందరం బిక్కుబిక్కుమంటున్నాం. దిగులుగా ఉన్నానని ఒక మధ్యాహ్నం అక్క నా దిండు సర్దుతూ ఒక పాత కథ ఎత్తుకుంది. సిలువ ఎక్కే ముందు ప్రభువు కడపటి భోజనంలో ఎత్తిన గిన్నె కోసం దొరల దేశంలో వీరులు గుర్రాలెక్కి ఏళ్లకేళ్లు వెతికారట.

"ఒక్క గిన్నెకు ఇంతమందా? మా క్యాంపు మెస్సుకు రమ్మనకపోయినవా అక్కా, కడగనియి మస్తున్నయి."

"ముందు వినరా. ఒక కుర్రాడికి ఒక కోటలో అది కళ్లముందే కనబడింది. ఆ కోటలో రాజు మానని గాయంతో మూలుగుతున్నాడు. 'అయ్యా, మీకేమైంది?' అని ఒక్క మాట అడిగితే గాయం మానేది, గిన్నె కూడా దక్కేది. అడిగితే బాగోదని ఊరుకున్నాడు. తెల్లారేసరికి కోటా లేదు, గిన్నే లేదు."

"అడగనీకి ఏం రోగమట?"

"ఎవరూ అడగరురా," అంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అక్క నా మంచం దగ్గర ఆగింది. పెన్ను తీసింది కానీ ప్రశ్న అడగలేదు. జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నీకెంత అక్కా, పదిల?" అన్నాను.

"పది," అంది.

ఆమెకు ఎగ్జిట్ కొట్టారు. కూతురి చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఇంట్లో చెప్పడానికి నోరు రావడం లేదు. "ఇప్పుడే ఫోన్ చెయ్యి, నేనున్న కదా," అన్నాను. పక్కనే కూర్చుని చేసింది. ఏడ్చింది. అవతల పిల్ల ఏమందో, కాసేపటికి నవ్వింది కూడా.

ఇప్పటికీ క్యాంపులో ఎవడైనా అన్నం కలిపి తినకుండా కూర్చుంటే, ఆటపట్టించే ముందు "పదిల ఎంతరా?" అంటాను. ముందు "రెండు" అని బొంకుతారు. నేను కదలకపోతే అసలు సంగతి చెబుతారు.

ఆ సాయంత్రం మాత్రం, అక్క కళ్లు తుడుచుకుంటుంటే ఉండబట్టలేకపోయాను. "అడిగిన కదా అక్కా, మరి నా గిన్నె ఏది?"

"మంచం కింద చూడు," అంది. "పొద్దున నేనే కడిగి పెట్టాను."