చలిదేశపు ద్రాక్ష

మేడ్చల్ దగ్గరి ద్రాక్ష తోటల్లో కత్తెర పట్టి బతికినవాణ్ణి నేను. అందుకే సౌదీలోని ఉనైజాలో ఒక కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన యజమాని కింద, ఖర్జూర తోట పనికి వచ్చాక, ఆయన కొడుకు ఏదో చలిదేశంలో చదువు ముగించుకుని ద్రాక్ష మొక్కలు పట్టుకొస్తే వాటిని నాకే అప్పగించారు. రెండు జాతులు కలిపి పుట్టించిన తెల్ల ద్రాక్షట. మంచు పడినా చావదట. పేరు చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు. అక్కడ దాంతో వైన్ చేస్తారని కూడా అన్నాడు.

నాకు మతి పోయింది. మందు మాటెత్తితే జైల్లో వేసే దేశంలో మందు ద్రాక్ష ఏమిటి? అడిగితే నవ్వి, ఆకుల్లో అన్నం చుట్టుకు తింటాం, కాయలు ఉత్తగా తింటాం అన్నాడు. ఆకుల కోసం అంత దూరం నుంచి మొక్కలు మోసుకొచ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. అయినా మనకెందుకులే అని పందిరి వేశాను. ఎండకు మాడిపోతుందనుకున్న తీగ నీడ వల కింద పచ్చగా పాకింది. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

అప్పటికే సొంత దేశంవాళ్లకే ముందు పని ఇవ్వాలనే నితాకత్ చట్టం పేరుతో చుట్టుపక్కల తోటల్లోంచి చాలామంది వెళ్లిపోయారు. ఆ తర్వాత లెవీ పెరిగింది. పనివాణ్ణి పెట్టుకున్నందుకు కఫీల్ సర్కారుకు కట్టేది అది. మా తోటలో ఉన్నది ఇద్దరమే, నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన ఒక అన్నా. చలి మొదలయ్యాక ముసలి కఫీల్ మమ్మల్ని కూర్చోబెట్టి, టీ పోసి, ఇక ఒక్కణ్ణే ఉంచుకోగలనన్నాడు. ఎవరు వెళ్లాలో శుక్రవారంలోగా మీరే తేల్చుకోండన్నాడు. లేస్తూ నా వైపు చూసి, "ద్రాక్ష నీది కదా" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే తీగ ఆకులన్నీ రాల్చేసింది.

మేడ్చల్‌లో తీగ ఎప్పుడూ అలా చేయలేదు. ఏడాదికి రెండుసార్లు మేమే కత్తిరిస్తాం, రెండు వారాలు తిరక్కుండానే అది చిగురేస్తుంది. తనంతట తాను బోడిగా నిలబడిందంటే చచ్చినట్టే. నీళ్లు ఎక్కువ పెట్టాను, మళ్లీ తగ్గించాను. ఎరువు వేశాను, తీసేశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. కఫీల్ వచ్చి చూసి, "నిద్రపోతోంది, వదిలెయ్" అన్నాడు. ఎండుకట్టెను చూపించి నిద్ర అంటే ఏమనుకోవాలి? నా మనసు కష్టపెట్టలేక అంటున్నాడనుకున్నాను. దాంతో నాకు సిగ్గు ఇంకా ఎక్కువైంది.

"తీగ సచ్చిందన్నా. ఇగ నేనుండి ఏం జేస్త?" అన్నాను అన్నతో.

"గట్లెట్ల సస్తదిరా? మొన్నటిదాంక పచ్చగుండె."

"నేనే సంపినట్టున్న. ఆయనకు మొఖమెట్ల జూపియ్యాలె? నేను పోత, నువ్వుండు."

అన్న ముఖంలో ఊరట కనబడింది. అది నేను చూశానని తెలిసి ఆయన తల దించుకున్నాడు. "ఇంకొక్కపారి సోంచాయించుకో" అన్నాడు చివరికి.

శుక్రవారం కఫీల్ దగ్గరికి వెళ్లి నాకే ఇంటికి పంపే ఎగ్జిట్ వీసా కొట్టించమన్నాను. ఆయన అయోమయంగా చూశాడు. ఎందుకని మళ్లీ మళ్లీ అడిగాడు. తీగ చచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి వెళ్లాలనుందన్నాను.

ఎండలు మొదలయ్యే వేళకు నేను ఊళ్లో ఉన్నాను. అన్న వీడియో కాల్ చేసి ఫోన్‌ను పందిరి వైపు తిప్పాడు. పందిరంతా లేత చిగుళ్లు, మధ్యలో సన్నటి పూత.

"ఏమేసినవన్నా?"

"ఏమెయ్యలె. గదే లేసింది. కఫీల్ నన్ను రోజడుగుతుండు, ద్రాక్షాయన ఎందుకు వోయిండని. ఏం జెప్పమంటవ్?"

అన్న ఉండాలని వచ్చానో, సిగ్గుతో వచ్చానో నాకు ఇప్పటికీ తేలలేదు. చలికి తీగ నిద్రపోతోందని ముసలాయన ఉన్నమాటే చెప్పాడు. దాన్ని నేను జాలి అనుకున్నాను.

"ఇంటి మీద పాణం గుంజిందని చెప్పు" అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఆ ఇంట్లోనే కూర్చుని, ఆ తీగ మీద బెంగతో ఏడ్చాను.