బల్ల మూర, గుడ్డ మూర

చౌడేశ్వరమ్మ మంచి మనిషని నేను చెప్పను. చెబితే ఏ లోకంలో ఉన్నా దిగివచ్చి, "నీకెవరు చెప్పారు టీచరమ్మా?" అని నన్ను కడిగేస్తుంది. నోరు పెద్దది, ముక్కు మీద కోపం, బేరంలో కన్నతల్లికైనా ఒక్క కానీ తగ్గించదు. ఆవిడ పక్కన రెండేళ్లు బస్సులో కూర్చున్నాను కాబట్టి ఇదంతా ప్రమాణం చేసి చెప్పగలను.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల ఇనుప పొయ్యి ఒకటి కట్టుకుని, దగ్గుతూ తుమ్ముతూ, బెజవాడ నుంచి కంకిపాడు చేరేసరికి మా మొహాలన్నీ ఒకే రంగుకు వచ్చేవి. ఆ ఒక్క విషయంలోనే బస్సులో అందరం సమానం. కంకిపాడు మిషను బడిలో నేను రెండో తరగతి టీచర్ని. చౌడేశ్వరమ్మ భర్త రామలింగం బెజవాడలో మగ్గం నేసేవాడు. మాట్లాడటం డబ్బు ఖర్చయ్యే పని అనుకునే రకం. అందుకని నేత ఆయనది, నోరు ఆవిడది. రవికగుడ్డలూ చీరలూ మూట కట్టుకుని రోజూ కంకిపాడులో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఆవిడ మాట మీద కంకిపాడు ఆడవాళ్లకు గురి పోయిందంటే ఆ మగ్గం ఆగిపోవలసిందే. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

డ్రైవరు వెనక ఒకే ఒక్క ఆడవాళ్ల బల్ల. నలుగురు పట్టాలి. కానీ నేను కిటికీ పక్కన కూర్చుంటే ముగ్గురే పట్టేవారు, ఎందుకంటే నా పక్కన ఎప్పుడూ కాస్త చోటు ఖాళీగా ఉండేది. నా పేరు ఎలిజబెత్. మా తాత ఏ గూడెంలో పుట్టాడో ఆ పేరు వింటే బెజవాడ నుంచి బందరు దాకా ఎవరికైనా తెలిసిపోతుంది. చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని, నాకు తగలకుండా, ఊపిరి కూడా అటువైపు తిరిగి పీల్చుకుని కూర్చునేవారు. నేను మాత్రం మహారాణిలా కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. అవమానం అవమానమే, కాళ్లకు మాత్రం సుఖంగా ఉండేది.

ఈ ఖాళీని మొదట కనిపెట్టింది చౌడేశ్వరమ్మ. ఒకనాడు వచ్చి, మూట ఒళ్లో పెట్టుకుని, అందులో ధబాల్న కూలబడింది.

"ఇంటికెళ్లి స్నానం చేస్తారా?" అని అడిగాను, కొంచెం ఎకసెక్కంగానే.

"చెయ్యకపోతే ఈ బొగ్గు ఎట్టా పోద్దీ?" అంది.

ఆ రోజు నుంచీ అది ఆవిడ చోటు.

ఒక సంతరోజున ఆవిడ ఆలస్యంగా వచ్చింది. అప్పటికే బల్ల మీద పద్మావతమ్మగారు ఉన్నారు. కంకిపాడులో పాతికెకరాల రైతు రత్తయ్యగారి భార్య. బెజవాడలో పురుడు పోసుకున్న కూతురిని చూసుకుని తిరిగి వెళుతున్నారు. ఆవిడ కూర్చుంటే ఒకటిన్నర మనుషుల చోటు. నాకూ ఆవిడకూ మధ్య ఎడం ఇంకో అరమనిషి. ఆవిడకు అటువైపు పెనమలూరు ముసలమ్మ. చివరన చౌడేశ్వరమ్మకు మిగిలింది కొంగు ఆరేసుకునేంత జాగా.

"పద్మావతమ్మగారూ, కాస్త అటు జరగండమ్మా," అంది చౌడేశ్వరమ్మ.

పద్మావతమ్మగారు జరగలేదు. నా వంక చూశారు. "టీచరమ్మా, నువ్వు లేచి ఆ కింద కూసో. అందరికీ సరిపోద్ది," అన్నారు. పాపం, ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. గొడుగు తీసి పక్కన పెట్టమన్నట్టు చెప్పారు.

నేను లేవబోయాను. లేచేదాన్నే. అలవాటు అలాంటిది, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"ఎందుకు లేవాలా?" అంది చౌడేశ్వరమ్మ. "ఆ మధ్యలో ఎడానికి కూడా టిక్కెట్టు కొట్టావా ఏందయ్యా బాలశౌరీ?"

కండక్టరు బాలశౌరి ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. ఆడవాళ్ల బల్ల దగ్గర తగాదా వస్తే అతనికి చెముడు వస్తుంది. అంతలో దేవుడు పంపినట్టు పటమట దాటాక పొయ్యి చల్లారి బస్సు ఆగిపోయింది. బాలశౌరి సంతోషంగా అందరినీ దిగమన్నాడు.

దిగనిది చౌడేశ్వరమ్మ ఒక్కతే. "టీచరమ్మా, సుద్దముక్క ఉందా?" అని కిటికీలోంచి చెయ్యి చాపింది. ఇచ్చాను. మోచెయ్యి బల్ల అంచుకు ఆనించి, వేళ్లు నిటారుగా చాపి, మధ్యవేలి కొస దగ్గర గీత గీసింది. అక్కడినుంచి మళ్లీ మోచెయ్యి. మళ్లీ గీత. బల్ల సరిగ్గా నాలుగు మూరలు వచ్చింది.

"మనిషికి మూర. ఇంక ఎవరి గీతలో వాళ్లు కూసోండి!" అంది, ఆస్తి పంపకాలు చేసిన పెద్దమనిషిలా.

మిగతా జనం రోడ్డు పక్కన పొయ్యి చుట్టూ మూగి సలహాలు చెబుతున్నారు. పద్మావతమ్మగారు మాత్రం మెల్లిగా బస్సెక్కారు. వెనకే నేనూ ఎక్కాను. ఆవిడ రెండు గీతల మధ్య జానలు వేసి చూశారు. తర్వాత సంచిలోంచి ఆకుపచ్చ రవికగుడ్డ ఒకటి తీశారు.

"చౌడమ్మా, పోయిన నెల ఇది నాకు ఎన్ని మూరలని ఇచ్చావు?"

"రెండు."

పద్మావతమ్మగారు ఆ గుడ్డను బల్ల మీద రెండు గీతల మేర పరిచారు. గుడ్డ అయిపోయింది, గీత ఇంకా రాలేదు. మధ్యలో బెత్తెడు బల్ల బోసిగా కనిపించింది.

చౌడేశ్వరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. గుడ్డ కొలిచేటప్పుడు ఆవిడ వేళ్లు కాస్త ముడిచి కొలిచేది. ఏళ్ల తరబడి అదే చెయ్యి, అదే ముడవడం. ఇవాళ బల్ల మీద కోపంతో చెయ్యి పూర్తిగా చాపింది. గుడ్డలు అమ్ముకునే మనిషి చెయ్యకూడని పని అదే.

"బెజవాడ దర్జీ గుడ్డ చాలదని తిప్పి ఇచ్చాడు," అన్నారు పద్మావతమ్మగారు. "నేనే లావయ్యాననుకున్నా. వారం రోజులు ఒక పూట అన్నం మానేశా. తెలుసా నీకు?"

నవ్వు రాకుండా నేను పెదవి కొరుక్కున్నాను.

పద్మావతమ్మగారు కిటికీలోంచి బయటికి చూశారు. బల్ల దొరక్క బస్సులో కింద కూర్చుని వచ్చిన కంకిపాడు ఆడవాళ్లు రోడ్డు మీద పదిమంది దాకా ఉన్నారు. అందరూ ఆ మూటలోంచి కొన్నవాళ్లే. ఆవిడ గొంతు తగ్గించి అన్నారు: "బల్ల తప్పు కొలిచానని చెప్పు. గీతలు చెరిపెయ్యి. ఎవరి చోటు వాళ్లది ఎప్పట్లాగే ఉంటది. ఈ గుడ్డ సంగతి నేను చచ్చినా ఎత్తను."

బేరం బాగానే ఉంది. నేను అయితే ఒప్పుకునేదాన్ని. చౌడేశ్వరమ్మ గుడ్డ వైపు చూసింది, మూట వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. నేను చీర సర్దుకుని కింద కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ సర్దుకోవడం చూసి ఆవిడకు ఏమనిపించిందో నాకు తెలియదు. ఒక్కసారి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఇదుగో, కంకిపాడోళ్లందరూ ఇనండి! ఈ బల్ల మీద కొలిచిన మూరే అసలు మూర. మీకు గుడ్డ కొలిచింది దొంగ మూర. నూలు దొరక్క సచ్చినట్టు అట్టా కొలిచా. తిట్టేవాళ్లు తిట్టండి. గుడ్డ ముక్కలు తెచ్చి చూపించండి, తక్కువొచ్చింది నేసిస్తా!"

తిట్టారు. పటమట నుంచి కంకిపాడు దాకా తిట్టారు. ముసలమ్మ తను ఏమీ కొనకపోయినా ఊరికే తోడు తిట్టింది. చౌడేశ్వరమ్మ తన గీతలో కూర్చుని అన్నీ విన్నది, ఒక్కదానికీ బదులు చెప్పలేదు. నోరు మూసుకుని ఉన్న చౌడేశ్వరమ్మను అంతకుముందూ తర్వాతా ఎవరూ చూడలేదు. నా గీత పక్క గీతలో పద్మావతమ్మగారు, వేరే దారి లేక, నాకు భుజం తగిలేలా కూర్చున్నారు. మొదట కొయ్యలా బిగుసుకుని కూర్చున్నారు. పోరంకి దగ్గర గతుకుల్లో అదీ పోయింది.

బస్సు దిగాక నేను చౌడేశ్వరమ్మ చెయ్యి పట్టుకున్నాను. "నాకోసం ఇంత..." అనబోయాను.

"నీకోసమని ఎవరు చెప్పారు? నా మూర చోటు కోసం," అని చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయింది.

రామలింగం నెలన్నర పాటు అమ్మకానికి ఏమీ నెయ్యలేదు. బెత్తెడు వెడల్పు ముక్కలే నేసి తెగ్గోశాడు. ఆ ముక్కలు దేనికి పనికొస్తాయి? రవికల చేతులకు అంచులుగా కుట్టించుకున్నారు. ఆకుపచ్చ రవికకు ఎర్ర ముక్క, పసుపు రవికకు నీలం ముక్క. ఆ ఏడాది కంకిపాడులో పెళ్లికి వెళితే అతుకు లేని రవిక కనబడలేదు. పైఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అదేదో కొత్త తరహా అనుకుని, అలాంటివే కావాలని చౌడేశ్వరమ్మను అడిగారు. దొంగతనం చేసి కూడా గిరాకీ పెంచుకున్న మనిషిని ఆవిడనొక్కదాన్నే చూశాను. మగ్గం ఆగలేదు.

ముక్కలు పంచుతూ ఒకరోజు బస్సులో నా ఒళ్లోకి కూడా ఒకటి విసిరింది. నేనూ ఒకప్పుడు ఆవిడ దగ్గర ఒక రవికగుడ్డ కొన్నాను, నిజమే.

"నాకెందుకమ్మా?" అన్నాను.

"నీకూ తక్కువే కోశాగా. నువ్వేమన్నా పైనుంచి ఊడిపడ్డావా?"

ఇంటికి వెళ్లి నా గుడ్డ తీసి కొలిచాను. సరిగ్గా బెత్తెడు తక్కువ. పాతికెకరాల రత్తయ్యగారి భార్యకు ఎంత తగ్గిందో నాకూ అంతే. బావి దగ్గర, కొట్టు దగ్గర, పెళ్లి పంక్తిలో, ఎక్కడికి వెళ్లినా నాకు వేరే కొలత వేసేవారు. దొంగ మూర వేసేటప్పుడు కూడా నాకు వేరే మూర వెయ్యలేదు ఆ మహాతల్లి. ఆ బెత్తెడు ముక్క పట్టుకుని కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. మర్నాడు బస్సులో నలుగురం ఇరుక్కుని కూర్చుంటే ఊపిరాడలేదు. అయినా నేను జరగలేదు.