సున్నం పట్టని చోటు

పిడుగురాళ్ల దాటేటప్పుడు బస్సులో అందరూ కిటికీలు మూసుకుంటారు, నేను తెరుస్తాను. బట్టీల మీదుగా వచ్చే ఆ కాలిన రాయి వాసన, గొంతులో సన్నగా గీరుకుని పోయే ఆ తెల్లటి దుమ్ము పక్క సీట్లో ఆవిడకి దగ్గు తెప్పిస్తాయి, నాకు మాత్రం మా ఇంటి ఎండాకాలాన్ని తెచ్చిపెడతాయి. మొన్న ఒకావిడ, అద్దం వెయ్యండమ్మా, మీ సరదా మా ప్రాణం మీదికి తెచ్చేట్టుంది అని గట్టిగానే మందలించింది. ఆవిడ అన్నదీ నిజమే కాబట్టి నోరుమూసుకుని అద్దం వేశాను. వేసినా ఆ వాసన లోపలే ఉండిపోయి నరసరావుపేట దాకా నాతోనే వచ్చింది.

మాది పత్తి, మిరప తప్ప మరో పంట పెద్దగా ఎరగని నల్లరేగడి ఊరు. వానాకాలంలో చెప్పుల్ని ఊడబీక్కునే ఆ నేలే ఎండలు ముదిరేసరికి నెర్రెలు విచ్చేది, దానితోపాటు ఇల్లూ విచ్చేది. వసారా గోడలో వేలు పట్టేంత పగుళ్ళు వస్తే వాటిలో మట్టీ, ఊకా కలిపి పిసికిన ముద్దని కూరడం పిల్లల పని. నాన్న ఊళ్ళో బడిపంతులు కాబట్టి వేసవి సెలవులంటే మాకు ఆటలు, ఆయనకి ఇంటి పని. మిరపకాయలు కల్లం నుంచి వెళ్ళిపోయి, పీకేసిన పత్తి కట్టె మోపులు మోపులుగా దొడ్లోకి వచ్చిన రోజు నుంచి ఆ పని మొదలయ్యేది. పాత కంచె తీసి పొయ్యిలోకి పెట్టి, కొత్త పత్తి కట్టెతో కంచె అల్లడం, నిమ్మచెట్టుకి పాదు తవ్వడం, మల్లెపొదకి ఆకు దూసి అంట్లు తోమిన నీళ్ళు మళ్ళించడం, పెంకులు దించి పగిలినవి ఏరి మళ్ళీ కప్పడం, పరుపులు ఎండలో వేసి కర్రతో బాదడం, అన్నిటికంటే చివర గోడలకి సున్నం. పెంకులు దించిన రోజు ఆకాశం నేరుగా ఇంట్లోకి దిగేది. వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న అమ్మ మీద ఎండ పడితే ఎవరో తెలియని మనిషిలా కనిపించేది.

సున్నపురాళ్ళు పిడుగురాళ్ల నుంచి గోతాల్లో వచ్చేవి. నోరు పగిలిన గోలెంలో వాటిని పోసి నీళ్ళు కుమ్మరిస్తే, కింద మంట లేకుండానే గోలెం కుతకుత ఉడికేది, దగ్గరికి పోతే కళ్ళు పోతాయని మమ్మల్ని తరిమేవారు. మర్నాటికి చల్లారిన సున్నాన్ని పాత పంచెలో వడగట్టి, నానబెట్టిన తుమ్మజిగురు, కాస్త నీలిమందు కలిపేవారు. మేము క్రైస్తవులం. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్ళాలి కాబట్టి వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికే ఊళ్ళో మావాళ్ళందరి ఇళ్ళలో గోలేలు ఉడికేవి. ముందు సమాధికి వేసి, మిగిలిన సున్నం ఇంటికి వేయాలని మా నాయనమ్మ పట్టింపు. చచ్చిపోయినవాళ్ళకి మిగిలింది పెట్టకూడదనేది. ఇంటి గోడకి చాలకపోతే నీళ్ళు కలుపుకోవచ్చు, వాళ్ళకి పల్చన కూడదు.

మా బాబాయి నాన్నకి తమ్ముడు, పొలం పని ఆయనదే. పొడుగాటి మనిషి, గట్టిగా నవ్వేవాడు, పిల్లల్ని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఆడపిల్లనైనా నన్ను ఏరా అనేవాడు. పత్తికి మందు కొట్టి వచ్చాక తల దిమ్ముగా ఉందని నడినెత్తిన ఆముదం పెట్టించుకుని, వసారాలో గోడకి తల ఆనించి కాళ్ళు బార్లా చాపి కూర్చునేవాడు. మా పిన్ని ఎదురుగా స్తంభం దగ్గర కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ ఉండేది. వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నట్టు నాకు గుర్తులేదు, కానీ ఆ వేళకి ఆయన అక్కడా ఆవిడ ఇక్కడా లేకపోతే ఇంట్లో ఏదో పెట్టిన చోట లేనట్టు ఉండేది. ఆయన తల ఆనిన చోట గోడమీద గుండ్రంగా ఒక మరక పడింది. ప్రతి వేసవీ దాని మీద సున్నం వేసేవారు, ప్రతి ఏడూ అది పైకి వచ్చేది. ఆముదం మీద సున్నం పట్టదు. నాయనమ్మ తిట్టేది, బాబాయి నవ్వేవాడు, మళ్ళీ అక్కడే ఆనేవాడు.

ఒక ఏడు పత్తికి పురుగు ఎక్కువైంది. ఎదురుగాలికి మందు మీద పడుతున్నా ఆ చాళ్ళు ముగించుకుని వస్తానని పొలంలోనే ఉండిపోయాడట. ఇంటికి నడిచే వచ్చాడు, వసారాలో ఎప్పటి చోటే కూర్చున్నాడు, కళ్ళు మసకలంటున్నాయని అన్నాడు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి నడిచి రాలేదు. నాకప్పుడు చావంటే ఏమిటో తెలిసీ తెలియని వయసు. గోడమీద మరక అలాగే ఉంది కాబట్టి మనిషి పూర్తిగా వెళ్ళలేదనే అనుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన ఈస్టరుకి సున్నం ముందు బాబాయి సమాధికే వేశాం. ఇంటికి వచ్చి నాన్న వసారా గోడ పట్టుకున్నాడు, కుంచె ఆ మరక మీదికి వచ్చింది, తెల్లగా కప్పేసింది. పెరట్లో ఉన్న నాయనమ్మ వచ్చి చూసి, కొంగుతో ఆ తడి సున్నాన్నంతా తుడిచేసింది. చేతులు ఎర్రగా పొక్కితే అమ్మ కొబ్బరినూనె రాసింది. అప్పటినుంచి గోడకి సున్నం వేసినవాళ్ళు అక్కడికి వచ్చేసరికి కుంచె వంచి చుట్టూ తిప్పి పోయేవారు. ఏటికొక పూత ఎక్కి చుట్టూ గోడ తెల్లగా మందమవుతుంటే, మధ్యలో ఆ మరక వేలితో తడిమితే తెలిసేంత లోతుకి దిగింది.

నాకు భయం మిట్టమధ్యాహ్నం వేసేది. చీకటంటే ఏ భయమూ లేదు, చీకట్లో అందరూ మేలుకునే కబుర్లు చెప్పుకునేవారు. ఎండ నెత్తికెక్కాక, వడగాలికి తలుపులు మూసి పెద్దవాళ్ళు చాపల మీద పడుకున్నాక, దొడ్లో గాలికి పత్తి కంచె గలగలలాడుతుంటే ఒంటరిగా వసారా గోడకేసి చూడాలంటే కాళ్ళు వచ్చేవి కావు. ఎండ వేడికి ఆ మరక చెమర్చేది. చలికాలంలో వెలిసినట్టుండేది కాస్తా అప్పుడు నల్లబడి, తడిగా మెరిసి, ఆముదం వాసన కొట్టేది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుండేది. ఒక రోజు తలుపు సందులోంచి చూస్తే పిన్ని స్తంభం దగ్గర ఎప్పటి చోటే కూర్చుని ఉంది, ముందు మిరపకాయలు లేవు, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన అయితే చివర ఆమెన్ ఉంటుంది కదా, అది వినబడలేదు.

పిన్నికి అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు, పిల్లలు లేరు. పొన్నూరు నుంచి వాళ్ళన్నయ్య వచ్చి, రైసుమిల్లులో పనిచేసే ఒకాయనకి భార్య పోయిందని, మంచి మనిషని, చెల్లెల్ని ఇస్తే బాగుంటుందని నాన్నతో చెప్పాడు. చర్చిలో పాస్టరు, మా సంఘం అయ్యగారు కూడా తప్పేం లేదన్నారు. పిన్ని మాత్రం అత్తమ్మ చెప్పందే గడప దాటనంది. నాయనమ్మ వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పిన్ని వాళ్ళన్నయ్య కబురు కోసం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కాఫీ తాగి వెళ్ళాడు. ఈసారి ఈస్టరు దాటితే అవతలివాళ్ళు వేరే సంబంధం చూసుకుంటారని గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఇల్లంతా ఆ ముసలిదాని నోరు చూస్తోంది. ఆవిడ మాత్రం మల్లెపొద దగ్గర కూర్చుని ఆకు దూస్తూనే ఉంది, చివరికి పొదకి ఆకన్నది లేకుండా చేసేసింది.

ఆ ఏడు సమాధికి సున్నం వేసి వచ్చిన మధ్యాహ్నం నాయనమ్మ కుంకుడుకాయలు ఉడకబెట్టింది. తలంటుకి అనుకున్నాం. ఆ రసం పట్టుకుని వసారాలోకి వచ్చి, కొబ్బరిపీచుతో గోడమీద మరకని రుద్దడం మొదలుపెట్టింది. ఆముదం నురగ గోధుమరంగులో ఆవిడ మోచేతుల మీదుగా కారింది. కడిగింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ కడిగింది. గోడ ఆరాక సున్నం ముంతా కుంచే తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"నువ్వెయ్యి."

పిన్ని గోడకేసి కూడా చూడలేదు. "నావల్ల కాదత్తమ్మా. మీరే వెయ్యండి."

"నేనేస్తే నిన్ను తోలేసినట్టుంటది. నువ్వేస్తే నువ్వెళ్ళినట్టుంటది. నా కోడల్ని నేను తోలెయ్యను. లే, నువ్వెయ్యి."

పిన్ని లేచింది. కుంచె ముంచిన చెయ్యి గోడదాకా పోయి ఆగిపోతే నాయనమ్మ పట్టుకుని సాయం చెయ్యలేదు, పక్కన నిలబడింది అంతే. పిన్ని ఒక పూత వేసింది. గుంట పడ్డ చోట సున్నం ఎక్కువ పీల్చుకుని బూడిదరంగు కనబడితే ఇంకో పూత వేసింది. తర్వాత కుంచె ముంతలో పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. వేసవి పోకముందే పొన్నూరులో చర్చిలో పెళ్ళయింది. నాయనమ్మే దగ్గరుండి పెళ్ళికూతురికి పూలు పెట్టింది. ఇంట్లో ఇక ఎవరూ అటు చూడక్కర్లేని తెల్లటి గోడ మిగిలింది, నాకూ మధ్యాహ్నాలు భయం తగ్గింది.

తొలకరికి గోడలు చెమ్మగిల్లాయి. ఒక పొద్దున వసారా ఊడుస్తూ చూస్తే ఆ చోట పసుపుపచ్చగా, గుండ్రంగా, మొదట గోరంత, రెండు వానలకి అరచేయంత. కడిగితే పోయేది పైనున్న నూనె, గోడ తాగిన నూనె ఎక్కడికి పోతుంది? పరుగెత్తి వెళ్ళి చెబితే నాయనమ్మ తాపీగా వచ్చి చూసింది. ముఖంలో ఏం కనబడిందంటే, చెప్పడం కష్టం. తప్పిపోయిన గేదె సాయంత్రానికి తనంతట తాను దొడ్లోకి వస్తే చూసుకునే చూపు అది. వేళ్ళతో ఒకసారి తడిమింది.

"మీ పిన్నికి చెప్పబాక. ఇది చూసిందంటే మళ్ళీ ఇక్కడే కూలబడుద్ది."

నేను చెప్పలేదు. పిన్ని ఆ కొత్త బాబాయితో క్రిస్మసుకి వచ్చేది, ఈస్టరుకి వచ్చేది, సమాధి దగ్గర పూలు పెట్టి ఇంటికి వచ్చి భోంచేసి వెళ్ళేది. ఆవిడ వస్తుందని తెలియగానే నాయనమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని వసారా గోడ దగ్గర వేసుకునేది. కిందే కూర్చుంటే ఆవిడ తల మరక దాకా అందదు మరి. అలా గోడకి తల ఆనించి, పిన్ని వెళ్ళేదాకా లేచేది కాదు. అన్నం పళ్ళెం కూడా అక్కడికే తెమ్మనేది. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పేది. పిన్ని స్తంభం దగ్గర కూర్చునేది, ఇద్దరూ ఎదురెదురుగా ఉండి పంటలూ వానలూ మాట్లాడుకునేవారు. పిన్ని వెళ్ళాక నాయనమ్మ మెడ పట్టేసిందని నాచేత నూనె రాయించుకునేది.

నాయనమ్మ పోయినప్పుడు పిన్ని వచ్చింది, చుక్క కన్నీరు రాల్చలేదు. వసారా ఎక్కకుండా వీధి గేటు దగ్గరే నిలబడి, సమాధి దగ్గర మట్టి వేసి అటునుంచి అటే వెళ్ళిపోయింది. అంత ప్రేమగా పెళ్ళిచేసి పంపిన అత్త పోతే రాయిలా ఉందని ఊరు అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆ తర్వాత నాన్న పాత ఇల్లు పడగొట్టి డాబా వేశాడు. గోడలకి ఇప్పుడు లప్పం పెట్టి రంగులు వేస్తున్నారు, తడిగుడ్డతో తుడిస్తే ఏ మరకైనా పోతుందని పెయింటు కొట్టువాళ్ళు చెబుతుంటారు. దొడ్డికి పత్తి కట్టె కంచె పోయి ప్రహరీ వచ్చింది. పెంకులు లేవు, వాటితో పాటు ఏడాదికి ఒక్కరోజు ఇంట్లోకి దిగే ఆకాశమూ లేదు. గోలెం ఎటు పోయిందో నాన్నకే తెలియదు. సమాధులకి కూడా టైల్సు వేస్తున్నారు, ఇక ఏటేటా వేయాల్సిందేమీ లేదు.

మొన్న ఆ బస్సు దిగి, ఇంకో బస్సు మారి నేను వెళ్ళింది పొన్నూరుకే. పిన్నికి ఒంట్లో బాగుండటం లేదని తెలిసి. ఆ కొత్త బాబాయి కూడా పోయి చాలా కాలమైంది, కొడుకు దగ్గర ఉంటోంది, మనిషి తేలికైపోయింది. పాత సంగతులన్నీ మాట్లాడుకున్నాక, కిటికీకేసి చూస్తూ ఆవిడే అంది.

"మీ నాయనమ్మ నన్ను క్షమించలేదే. ఆముదం మీద సున్నం నిలవదని నాకు తెలియదా? వేసిన రోజే తెలుసు. నేనంతంత దూరం పడొచ్చేది దాన్ని ఒక్కసారి చూసుకుని పోదామని. వెళ్ళిందానివి నీకిక్కడ ఏముందన్నట్టు ప్రతిసారీ దానికే తల ఆనించుకుని కూచునేది. పోయేదాకా చూడనివ్వలేదు. పోయాక నాకే ఆ గడప తొక్కబుద్ధి కాలేదు."

ఇన్నేళ్ళూ ఈవిడ మోసింది ఇదన్నమాట. నాయనమ్మ నాతో అన్న మాట అలాగే, ఆవిడ యాసలోనే చెప్పాను. పీట ఎందుకు వేసుకునేదో చెప్పాను, మెడకి నేను రాసిన సంగతి చెప్పాను.

పిన్ని దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ విన్నది.

"ఆ మాట నాకు చెప్తే ఏం పోయేది ముసల్దానికి," అంది. అని, గోడవైపు తిరిగి పడుకుని, పక్కగదిలో ఉన్న కోడలు కంగారుగా లేచి వచ్చేంత గట్టిగా ఏడ్చింది. ఏమైందని ఆ అమ్మాయి నన్నడిగింది. మా నాయనమ్మ పోయిందని చెప్పాను.