సైలెన్సరు లేని బండి

నిన్న పొద్దున నంద్యాల బజారులో టీ తాగుతుంటే, వెనకనుంచి ఒక పాత మోటారు సైకిలు డబడబలాడుతూ వచ్చింది. సైలెన్సరు ఊడిన బండి. జనం చెవులు మూసుకుని తిట్టుకున్నారు. నేను మాత్రం గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. రిటైరయి ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే మా హెడ్డు కానిస్టేబులు దేవదానం వస్తున్నాడనే అనిపిస్తుంది, ఒళ్లు పులకరిస్తుంది.

డెబ్బైల చివర్లో నేను కొత్త కానిస్టేబులుగా ఆళ్లగడ్డలో చేరాను. చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో రెండు వర్గాలంటే రెండు దేశాలే. దేవదానం నంద్యాలలో ఒక బడిపంతులు కొడుకు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మిగతావాళ్ల గొంతులు వినపడేవి కావట. తన బండికి సైలెన్సరు తనే ఊడదీసి స్టేషను గోడకు తగిలించాడు. ఒకరోజు, కుందూ ఏటి పక్కనున్న ఒక ఊళ్లో కొట్లాటకు బాంబులు సిద్ధమవుతున్నాయని కబురొచ్చింది. ఆయన వెనక కూర్చుని బయల్దేరాను. ఊరింకా మైలు దూరం ఉండగానే ఈయన హారను మోగించడం మొదలుపెట్టాడు! పోలీసన్నవాడు చప్పుడు లేకుండా పోవద్దా అని చెవిలో అరిచాను.

"దొంగను పట్టాలంటే పిల్లి మాదిరి పోవాలప్పా," అన్నాడు. "కొట్లాట ఆపాలంటే పెండ్లోళ్ల మాదిరి పోవాల. మనం వస్తాండామని తెలిస్తే యాడోళ్లు ఆడ సర్దుకుంటారు."

నిజంగానే సర్దుకున్నారు. మేము వీధిలోకి తిరిగేసరికి కొడవళ్లన్నీ మాయం. ఒకడు మాత్రం కంగారులో గడ్డపార భుజాన వేసుకుని నిలబడ్డాడు. నీకు సెంటు భూమి లేదు కదా, ఎవరి చేను తవ్వడానికి బయల్దేరావని దేవదానం అడిగితే, వాడి సొంత వర్గంవాళ్లే పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఒక వర్గం పెద్ద ఇంట్లో చెంబెడు మజ్జిగ, రెండో వర్గం పెద్ద ఇంట్లో ఇంకో చెంబెడు. ఒక గుక్క తగ్గినా పక్షపాతం కింద లెక్క. తిరుగు దారిలో కడుపు పట్టుకుని బండి మీద ఊగిపోతూ నవ్వుకున్నాం. అలాంటి రోజు చూసినవాడికి ఇంకో ఉద్యోగం రుచిస్తుందా? అరెస్టులు తక్కువని పైవాళ్లు గొణిగేవారు. శవాలూ తక్కువే కదా అనేవాడు ఈయన.

ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం మధ్యాహ్నం. బండి నంద్యాలలో మెకానిక్కు దగ్గరుంది. అదే ఊళ్లో గట్టు తగాదా ముదిరి, రెండు వర్గాలూ ఊరి పక్క వాన నీళ్లు పారే వంక దగ్గరికి చేరుతున్నాయని కబురు. ఇద్దరం సైకిళ్ల మీద పరుగెత్తాం. ఊరి ముందర దారి చుట్టు తిరిగి పోతుంది. ఆయన సైకిలు పడేసి, "రోడ్డంట పోతే ఆలస్యమైతాది. నువ్వట్ల రా, నేనిట్ల చేలో పడి పోతా," అంటూ జొన్నచేలో దూరాడు. మనిషెత్తు జొన్న. అది కదలడం చూసి, వంక దగ్గరున్న ఒక వర్గంవాళ్లు, అవతలి వర్గం దొంగచాటుగా వస్తోందనుకున్నారు. బాంబు పడింది.

నేను పోయేసరికి కొట్లాట లేదు. కర్రలు, కొడవళ్లు నేల మీద పడున్నాయి. బాంబు వేసిన మనిషి దేవదానం తలను ఒళ్లో పెట్టుకుని, "చప్పుడు చేయకుండా ఎందుకొస్తివన్నా, ఎందుకొస్తివి," అని అడుగుతూనే ఉన్నాడు. ఆనాటి గడ్డపార మనిషే. రెండు వర్గాలూ కలిసి నులకమంచం మీద ఆయన్ను రోడ్డు దాకా మోశాయి. ఆళ్లగడ్డ ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఆ రోజు ఆ వంక దగ్గర ఇంకెవరూ చావలేదు. ఆయన ఏ పని మీద పోయాడో ఆ పని అయింది.

బండి బాగై వచ్చినప్పుడు దానికి కొత్త సైలెన్సరు బిగించి ఉంది. నేనే ఊడదీశాను. మళ్లీ ఆ ఊరికి దాని మీదే పోయాను. చప్పుడు విని రెండు వీధులవాళ్లూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆయన చోట నన్ను చూసి కొందరు ఏడుపు ఆపుకోలేక కండువాలు నోట్లో కుక్కుకున్నారు. మజ్జిగ మాత్రం రెండిళ్లలోనూ ఇచ్చారు, ఎప్పటిలాగే నిండుగా.

ఇప్పటికీ నేను ఎవరింటికి పోయినా వీధి మొదట్లోనే గట్టిగా దగ్గుతాను. సొంత ఇంటికైనా అంతే. మామయ్య దగ్గు ముందొస్తుంది, మనిషి తర్వాతొస్తాడని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. చప్పుడు లేకుండా పోవడం దేవదానానికి చేతకాదు. జీవితంలో ఒకే ఒక్కసారి పోయాడు, అదీ ఆలస్యమవుతుందనే.