ఎర్రమట్టి పట్టించిన కందిపప్పు

రాష్ట్రం వచ్చిన కొత్తలో, నా చిన్నప్పుడు, ఒక పొద్దున మా వంటింట్లో ఉన్నవాళ్లు: మా అవ్వ, మా బాపు, నేను, గోడవారన నులకమంచం మీద టైఫాయిడ్‌తో చిక్కి సగమైన అమ్మ. పొయ్యి దగ్గర ఉన్నవి రెండు కందిపప్పులు. ఒకటి బాపు కోస్గిలో కొన్న ప్యాకెట్‌ది, పచ్చగా మెరుస్తోంది. రెండోది అవ్వ ఇంట్లో చేసింది, ఎర్రటి దుమ్ము కొట్టుకుని చూస్తేనే రోత పుడుతోంది.

నా రోతకు కారణం ఉంది. కందులకు ఎర్రమట్టి పట్టించడం అంతకు ముందే కళ్లారా చూశాను. అవ్వ బురద కలిపి, మోచేతుల దాకా ముంచి, గింజలకు పులిమి, కోళ్లు రెట్టలు వేసే వాకిట్లో ఆరబోసింది. ఎండాక ఇసుర్రాయిలో పోసి పప్పుగా విసిరింది. ఆమె గోళ్ల సందుల్లో మట్టి చూశాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అమ్మకు జ్వరం తగ్గినా ఏదీ కడుపులో నిలవడం లేదు. మెత్తటి పప్పన్నం పెట్టి చూడమని, దాన్నీ కక్కితే మళ్లీ తెచ్చి చేర్పించమని దవాఖానలో చెప్పారు. కాబట్టి ఆ రోజు ఏ పప్పు ఉడకాలన్నది పెద్ద విషయమే.

“గా మట్టిపప్పు పెడ్తె మల్ల కక్కుతది అమ్మా. ప్యాకెట్‌ది సాఫ్‌గుంటది,” అన్నాడు బాపు అవ్వతో.

“మన్ను తింటరా ఎవలన్న?” అని నేను అందుకున్నాను.

“మన్ను కడిగితె పోతది బిడ్డా. నీ నకరాలే పోవు,” అంది అవ్వ.

ఆమె రెండు గిన్నెల్లో రెండు పప్పులు పోసి, మీద వేడినీళ్లు వంచింది. మట్టిపప్పు గిన్నెలో నీళ్లు ఇటుకరంగు తిరిగాయి. ప్యాకెట్ పప్పులో మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత సన్నటి దారాలతో అంటుకున్న పప్పుబద్దల ఉండ ఒకటి పైకి తేలింది. అది విడిపోయి, అందులోంచి తెల్లటి పురుగు బయటపడి మెలికలు తిరిగింది. దాని వెనక మరొకటి. తర్వాత పొట్టు, రెక్కలు, లెక్కకు అందనన్ని.

“సూస్తివా? మన్ను పట్టిచ్చిన పప్పుకు పురుగు రాదు. గిది సాఫ్‌దట!” అవ్వ ఒకదాన్ని వేలిమీద ఎత్తి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను వాకిట్లోకి పరుగెత్తి కక్కాను. బాపు ఆ గిన్నె పట్టుకెళ్లి కోళ్లకు పారబోశాడు.

నేను తిరిగి వచ్చాక అవ్వ మట్టిపప్పు నా ముందుకు నెట్టింది. “నువ్వే కడుగు. నీ కండ్లకు నచ్చినంకనే ఉడకపెడ్త.” నీళ్లు తాగేటంత తేటగా అయ్యేదాకా కడిగాను. కాసేపు నానబెట్టి, పొంగకుండా నూనెచుక్క, చిటికెడు పసుపు వేసి ఆమె పొయ్యి మీదికి ఎక్కించింది. మెత్తబడ్డాకే ఉప్పు వేసింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో కిరాయి గదిలో నా వంట నాదే. ఎంత మెరిసే పప్పైనా ముందు వేడినీళ్లు పోసి, పైకి ఏం తేలుతుందో చూస్తాను. పప్పు ఉడికాకే చింతపండు పిసుకుతాను, పులుపు ముందే పడితే బద్ద గట్టిగా ఉండిపోతుంది. పప్పుడబ్బా మూత తీసిన ప్రతిసారీ నా గొంతులో ఇప్పటికీ ఏదో మెలికలు తిరుగుతుంది. దాన్ని పోగొట్టుకోవాలని నాకు లేదు. కాకపోతే, నా రోత దేన్ని చూపిస్తే దాన్ని అవతల పారేయను. కడిగి చూస్తాను.

ఆ మధ్యాహ్నం అమ్మ తిన్నది నాలుగు ముద్దలు. కడుపులో నిలిచింది నాలుగు.