చపాతీ డబ్బాలో సోయా పొడి

నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క వైద్యం గురించి చెబుతాను. అందులో రోగికి చిటికెడు మందు కూడా అందలేదు. అయినా వైద్యం మాత్రం జరిగింది. ఎవరికన్నది ఆఖర్న తెలుస్తుంది, కుర్చీ గట్టిగా పట్టుకోండి.

అప్పుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. నేర్చుకున్నది గోరంత, కనబడిన ప్రతిదాన్నీ పరీక్షించాలన్న దురద కొండంత.

ఇల్లు ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో. అమ్మకి మెనోపాజ్ మొదలైంది. డిసెంబరు చలిలో ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు, చెమటలు. రాత్రంతా ఫ్యాను గిర్రున తిరగాల్సిందే. దాని కింద నాన్న స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాపుతో అంతరిక్షానికి బయల్దేరే మనిషిలా పడుకునేవారు.

"ఇదేంటే, ఒకే మంచం మీద నీకు రోహిణి కార్తె, నాకు కాశ్మీరమూ!"

అమ్మ నవ్వలేదు. "నాకేదో పెద్ద జబ్బే వచ్చిందిరా. పంజాగుట్టలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు," అంది నాతో, గొంతు తగ్గించి.

తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు. "కొన్నాళ్ళు ఆగమ్మా, నేను చూస్తాగా" అని ఇంటర్నెట్ సెంటరుకెళ్ళాను. పక్క కుర్చీవాడికి కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని చదివాను. సోయా తింటే ఆవిర్లు తగ్గుతాయనీ, ఎముకలు గట్టిపడతాయనీ ఎవరో రాశారు. ఎవరు రాశారని అడక్కండి. అప్పట్లో ఇంటర్నెట్టంటే నాకు అంత భక్తి.

దుకాణంలో సోయా పొడి అడిగితే అతను నా జబ్బల వైపు జాలిగా చూశాడు.

"జిమ్‌కు పోతున్నవా అన్నా? మస్తు బాడీ వస్తది."

"నాకు కాదు, మా అమ్మకి."

"అమ్మ సుత జిమ్‌కు పోతదా!"

అమ్మకి చెబితే "నాకెందుకురా ఇవన్నీ" అంటుంది. అందుకని చెప్పకుండా చపాతీ పిండి డబ్బాలో కలిపేశాను. నాన్నకి షుగరు కాబట్టి మా ఇంట్లో రాత్రి అందరికీ చపాతీలే. అమోఘమైన పథకం కదూ?

"ఈ పిండేంటో చేతికి అతుక్కుపోతోంది," అంది అమ్మ.

"నా కడుపులో ఎవరో డప్పులు వాయిస్తున్నారే," అన్నారు నాన్న.

పొద్దున్నే నేను అడిగేవాణ్ణి. "రాత్రి ఎలా ఉందమ్మా?"

"ఎలా ఉంటుంది? ఉడికిపోయాను."

మోతాదు పెంచాను. అమ్మ ఆవిర్లు తగ్గలేదు. నాన్న డప్పులు మాత్రం బ్యాండుమేళమయ్యాయి.

చివరికి ఒక పొద్దున పొయ్యి దగ్గర అమ్మ ఏడ్చేసింది. "నేనింక బతకనేమోరా!" ముగ్గురం పంజాగుట్ట పరుగెత్తాం.

డాక్టరుగారు అన్నీ చూశారు. "పెద్ద జబ్బేం లేదమ్మా. ఈ వయసులో చాలామందికి ఉండేదే, తగ్గించుకునే మార్గాలున్నాయి. ఇప్పటిదాకా ఏమైనా వాడారా?"

"ఏమీ లేదండీ," అంది అమ్మ.

నేను గొంతు సవరించుకున్నాను. "వాడుతోంది డాక్టరుగారూ! తనకి తెలియకుండా చపాతీల్లో సోయా కలుపుతున్నాను."

అమ్మ నావైపు తిరిగింది. "చపాతీల్లోనా? నేను చపాతీ ఎప్పుడు తిన్నానురా?"

"రోజూ చేస్తావుగా!"

"చేస్తాను. మీకు. మీరిద్దరూ తిని లేచాక నేను ఇంత అన్నంలో మజ్జిగ పోసుకుంటాను. అన్నం పడకపోతే నాకు తిన్నట్టుంటుందా?"

పుట్టినప్పటినుంచీ ఆవిడ చేతి వంట తింటున్నాను. ఆవిడ ఏం తింటుందో ఒక్కనాడూ చూడలేదు.

ఈలోగా నాన్న చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్ళింది. "అంటే... ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ మందు నేను..." అంటుండగా అది అక్కణ్ణుంచి మీసం మీదికి పాకింది, ఉందో ఊడిందో చూసుకుంటున్నట్టు.

"భయం లేదండీ, అదీ ఆహారమే," అన్నారు డాక్టరుగారు నవ్వాపుకుంటూ. నావైపు తిరిగి, "సోయా కొందరికి కాస్త పనిచేస్తుంది, కొందరికి చేయదు. ఎముకలకి అదొక్కటే చాలదు. ఏదైనా సరే, ముందు అడగాలి, ఆవిణ్ణీ, నన్నూ," అన్నారు.

అమ్మ పకపకా నవ్వింది. ఆ చలికాలంలో అదే మొదటిసారి.

కడుపులోకి పోనిది కావలించుకుంటే వస్తుందా!

ఆ దెబ్బతో నా రోగం కుదిరింది. అప్పట్నుంచి మా ఇంట్లో మూడు కంచాలూ ఒకేసారి పడుతున్నాయి. ఆ రోజు ఇంటికొస్తూ పంజాగుట్ట ఎర్ర సిగ్నలు సాక్షిగా ప్రమాణం చేశాను: అమ్మ కంచంలోకి చూడకుండా ఇక ఈ జన్మలో వైద్యం చేయను. నాన్న నమ్మలేదు. ఇప్పటికీ చపాతీ తుంచేముందు దాన్ని దీపానికి ఎత్తిపట్టి అడుగుతారు.

"ఒరేయ్, ఇది ఎవరి మందురా?"