హెలెన్ యంత్రం, పంతులుగారి తుమ్ము

మా ఊళ్లో హెలెన్ నోటికి ఎదురు లేదు. మిరపకోతల ముఠాకు మేస్త్రి కదా, ఆ మాత్రం గొంతు లేకపోతే అంతమంది ఆడవాళ్లు మాట వింటారా? పొగ మాటెత్తితే మాత్రం ఆ గొంతు దిగిపోతుంది. ఆమె పెరిగింది పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర. బొగ్గు పొగ పీల్చి పీల్చి తండ్రి పేరయ్య దగ్గుతోనే పోయాడు.

పొలాల్లో మిగిలే పత్తికట్టె, మిరపకట్టె పొడిచేసి గుళికలుగా అమ్మితే, కరెంటు తయారుచేసేచోట కొంత బొగ్గుకు బదులు వాటిని కాలుస్తారని విన్నది. ఇంకేముంది, పొదుపు సంఘం వాళ్లను కూడగట్టి యంత్రం తెచ్చేసింది. రిటైరైన పంతులు అనంతపద్మనాభం గారు తమ ఇంటి పక్క ఖాళీస్థలం ఇచ్చారు.

మొదటిరోజు మిరపకట్టె వేశారు. కోతలయ్యాక కూడా కొమ్మలకు కాసిని కాయలు మిగులుతాయన్న సంగతి, జన్మంతా మిరపచేలల్లో గడిపిన ఈ మహాతల్లికి ఆ పూట గుర్తు రాలేదు! కట్టెతో పాటు కాయలూ పొడి అయ్యాయి. వీధి వీధంతా తుమ్ములే. పంతులుగారి భార్య కామేశ్వరిగారు పొయ్యి మీద పాలు వదిలేసి బయటికి పరుగెత్తారు.

"ఎక్కడో పొగ తగ్గించడానికి ఇక్కడ మమ్మల్ని చంపుతావటమ్మా? రేపే తీసెయ్!" అన్నారు పంతులుగారు.

వేరే చోటు దొరికేది కాదు. హెలెన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క అవకాశం ఇవ్వండయ్యగారూ. ఈసారి మీరే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. మీకు ఒక్క తుమ్మొచ్చినా యంత్రం పట్టుకుపోతాను" అంది.

తర్వాత ముఠానంతా చేలల్లోకి తోలి, మిగిలిన కాయలన్నీ పరిగె ఏరించింది. ఎవరు ఏరినవి వాళ్లకే అంది. అంతే, ఒక్క కాయ మిగిల్తే ఒట్టు.

రెండోసారి యంత్రం తిరిగింది. పంతులుగారు కుర్చీలో కూర్చున్నారు. అంతా బాగుందనుకుంటుండగా పెద్దగా తుమ్మారు.

హెలెన్ ముఖం పాలిపోయింది. యంత్రం ఆపేసింది.

పంతులుగారు గుప్పిట విప్పి ముక్కుపొడుం డబ్బీ చూపించారు.

"కంగారుపడకమ్మా. మిరప కాదు, ఇదీ నా తుమ్ము!" అని మరో పట్టు పీల్చి, వీధి చివరిదాకా వినబడేలా మళ్లీ తుమ్మారు. "ఒంటి తుమ్ముతో పని మొదలెట్టకూడదు. ఇప్పుడు జంటైంది. ఇక తిప్పు!"

హెలెన్ కళ్లు తుడుచుకుంటూ మీట నొక్కింది.